పచ్చి ఎరువు

మా అత్తగారు పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆవిడ ఎంత మంచిదో నాకు చెప్పి వెళ్ళారు. ఎవరికి? ఆవిడతో ఒకే వంటింట్లో నా సగం బతుకు గడిపిన నాకు! నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆవిడ మొండి మనిషి. నోరు పెట్టుకుని అరిచే రకం కాదు, ఆ పని నాది. ఆవిడ తన పని తాను చేసుకుపోయేది, మనం ఎంత మొత్తుకున్నా గోడకి చెప్పుకున్నట్టే. కానీ ఒక్క సంగతిలో మా వీధి వీధంతా ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడేది. అది ఎరువు సంగతి.

నవ్వొస్తే నవ్వండి. కొత్తలో నేనూ నవ్వాను. నేను దర్జీ కూతుర్ని, కుట్టుమిషను చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని. పేడ పేరు చెప్తే ఆమడ దూరం పరిగెత్తేదాన్ని. అలాంటి నన్ను తెచ్చి ఎరువు కుప్పకి ఎదురుగా ఉన్న ఇంట్లో పడేశారు.

మా వీధిలో ఇళ్ళన్నీ ఒకే వరస. ముందు గది, మధ్యలో వంటిల్లు, వెనక గుమ్మం. గుమ్మం దిగితే ఇంటింటికీ పొడుగ్గా ఒక అరటి తోట ముక్క, ఆ చివర కాలువ. కాలువకి ఇవతల రేకుల కప్పు కింద ఉమ్మడి ఎరువు కుప్ప. వీధిలో పశువుల పేడ, తొక్కిన గడ్డి, గెల కొట్టాక నరికిన అరటి బోదెలు, పొయ్యి బూడిద, కూరగాయల తొక్కలు, అన్నీ అక్కడికే చేరేవి. దాన్ని పేర్చడం, తడపడం, తిరగేయడం, గోనెపట్టాలు కప్పడం మా అత్తగారి పని. ఎవరూ అప్పగించలేదు. వాళ్ళ అత్తగారు చేసేదట, ఆవిడ మంచాన పడ్డాక ఈవిడ పార అందుకుంది. మా మామగారు పోయిన వారానికే మళ్ళీ కుప్ప దగ్గర కనిపించిందని వీధిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు కూడా. ఆవిడ పట్టించుకోలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేదని చాన్నాళ్ళకి నాతో అంది.

వీధిలో అందరూ ఆవిడని ముక్కత్త అనేవారు. కుప్ప మాగిందో లేదో ఆవిడ ముక్కుతో చెప్పేది. మోచేతి దాకా చెయ్యి కుప్పలోకి దూర్చి, లోపలి నుంచి గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "ఇంకా కాలేదు" అంటే ఎవరూ ముట్టుకునేవారు కాదు. "కానివ్వండి" అంటే ఇళ్ళలోంచి గంపలు బయటికొచ్చేవి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పేరు విని ఆవిడ ముక్కుని తేరిపార చూశాను. మామూలు ముక్కే. నాదే కొంచెం పెద్దది.

ఒకసారి మిషను మీంచి లేచి వెనక గుమ్మంలోకి వచ్చి ఆవిడకి సలహా చెప్పాను. "గెల బయటికొచ్చాక వేస్తే సరిపోతుంది కదత్తయ్యా! ఇప్పట్నుంచే ఈ పరుగులెందుకు?" తెలివిగా మాట్లాడాననుకున్నాను.

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "గెల నీకు కనపడేసరికి దాని కథ అయిపోయుంటుందే అమ్మాయ్. లోపల, దుంప దగ్గర, అది ఎప్పుడో కట్టేసుకుంటుంది. గెలకి ఎన్ని హస్తాలు, హస్తానికి ఎన్ని కాయలు రావాలో అక్కడే తేలిపోతుంది. అప్పటిదాకా వేరు ఏం తింటే అదే. ఆ తర్వాత నువ్వు గంపలు గంపలు పోసినా పక్కన మొలిచిన పిలక తింటుంది, గెలకి పోదు."

"సరే, మరి వారం ముందు వేయండి."

"ఎరువు వేయగానే అందుతుందా? నానాలి, మట్టిలో కలవాలి, అప్పుడు గానీ వేరు దాన్ని ముట్టుకోదు. అందుకే మొక్క నడుమెత్తు రాకముందే పడిపోవాలి."

"అంత తొందరైతే పచ్చిదే వేసేయొచ్చు కదా?"

"వేడికి వేరు కొసలు మాడి చస్తాయి" అని పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను మళ్ళీ చాలాకాలం వినలేదు.

ఇంకో పద్ధతి ఉండేది మా వీధిలో. కుప్ప తెరిచాక మొదటి గంపలు కుప్ప చూసుకునేవాళ్ళ చెట్లకే పడాలి. మిగతావాళ్ళు ఆగాలి. ఆ చెట్లకి కొత్త మొవ్వాకు విచ్చుకుని, ఆకుపచ్చగా కనపడ్డాక అప్పుడు అందరూ తీసుకోవాలి. తప్పు జరిగితే ఆ దెబ్బ చెప్పినవాళ్ళకే తగలాలని ఎవరో పాతవాళ్ళు పెట్టిన పద్ధతి. బానే ఉంది. కానీ మా అత్తగారి ముక్కు ఎన్నడూ తప్పలేదు. ఏటా ఆవిడ తన చెట్లకి మొదటి గంపలు పోసి "మీరు ఆగండి" అనేది, ఏటా జనం ఆవిడ వెనకే గంపలు పట్టుకుని తయారయ్యేవారు. ఆ ఆగమనడం ఒక లాంఛనంగా మిగిలింది. ఆవిడ కూడా చూసీ చూడనట్టు ఊరుకునేది.

అలాంటి మనిషికి ఒక వానాకాలంలో జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేం కాదు. జలుబు, ఒళ్ళు నొప్పులు, ముక్కు దిబ్బడ. కొన్నాళ్ళు ముందు గదిలో దుప్పటి కప్పుకుని పడుకుని, లేచింది. జ్వరం పోతూ పోతూ ఆవిడ వాసన పట్టుకుపోయింది. ఈ సంగతి అప్పుడు ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ తెలుస్తాయి. ఆవిడ నా వంటకి వంక పెట్టడం మానేసింది. ఏది పెడితే అది తినేది, ఎంత పెడితే అంత తినేది. ఇన్నాళ్ళకి నా చేతి వంట నచ్చిందని నేను సంబరపడ్డాను, మా ఆయనకి చెప్పి మురిసిపోయాను కూడా. మా ఆయన వెల్డింగు షెడ్డులో పని చేస్తాడు, పొద్దంతా నిప్పురవ్వలు తప్ప ఇంకేం కనపడవు. "అమ్మ మెత్తబడిందన్నమాట" అని నవ్వాడు. మెత్తబడటమా, పాడా! నోట్లో పెట్టుకున్నది అన్నమో అట్టముక్కో ఆవిడకి తేడా తెలియడం లేదు.

ఆ ఏడు వానలు వదల్లేదు. రేకుల కిందికి జల్లు కొట్టి కుప్ప తడిసి ముద్దై, చల్లబడి, మాగడం ఆలస్యమైంది. అరటి మొక్కలు మాత్రం ఆగుతాయా? అవి పెరిగిపోతున్నాయి. మొక్క నడుమెత్తు దాటింది, ఛాతీ ఎత్తుకి వస్తోంది. ఇంకొన్నాళ్ళు పోతే లోపల గెల కట్టేసుకుంటుంది, తర్వాత వేసినా ఒకటే వేయకపోయినా ఒకటే. వీధిలో గొణుగుడు మొదలైంది.

అందరికన్నా ఎక్కువ తొందరపడ్డది డ్రైవరు మావయ్య. మా మామగారి తమ్ముడు, మా పక్కిల్లే. బతుకంతా బస్సు నడిపి దిగిపోయాడు. దిగిపోయాక ఏం చేయాలో తెలియక వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బస్సులని లెక్కపెట్టేవాడు. ఏ బస్సు ఎంత ఆలస్యమో చెప్పి వాటిని తిట్టేవాడు. పిల్లలు లేరు, భార్య పోయి చాలాకాలమైంది. అలా అరుగుకి అంటుకుపోతున్న మనిషిని మా అత్తగారే లేపింది. తన చెట్ల పక్కన పిలకలు తవ్వి, ఆయన చేతిలో పెట్టి, "నీ తోట బీడు పడిపోయింది, నాటు" అంది. ఎలా గుంట తీయాలో, పిలక ఎంత లోతు పెట్టాలో దగ్గరుండి చేయించింది. ఆయనకి అదే మొదటి పంట. పొద్దున్నే లేచి ఒక్కో మొక్క దగ్గర నిలబడి పలకరించి వచ్చేవాడు. ఆవిడ నీళ్ళు పెడితే నీళ్ళు పెట్టేవాడు, ఆవిడ ఎండాకులు కోస్తే కోసేవాడు. ముందు బండి వెనక బండి అన్నట్టు నడిచేవాడు.

కుప్ప తెరిచిన రోజు నేను వెనక గోడ మీద ఉతికిన బట్టలు ఆరేస్తున్నాను. మబ్బుగా ఉంది. అందరూ గంపలతో నిలబడ్డారు.

"వదినా, టైమైపోయింది. ఇంకెంతసేపు బండిని స్టాండులో పెడతావు?" అన్నాడు డ్రైవరు మావయ్య. అందరూ నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. చెయ్యి లోపలికి దూర్చి గుప్పెడు తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎప్పటికన్నా చాలాసేపు అలాగే ఉంది. "కానివ్వండి" అనలేదు. "నా చెట్లకి వేసి చూస్తాను, మీరు ఆగండి" అంది, అంతే. మొదటి గంప ఎత్తుకుని తోటలోకి నడిచింది.

ఆ వేళ ఆవిడ మాట నిజంగా ఆగమనే మాటే. ముక్కు చెప్పలేనిది చెట్టు చెప్తుందని, పోతే తన చెట్లే పోతాయని ఆవిడ లెక్క. కానీ ఆ లెక్క ఆవిడ కడుపులోనే ఉంది. బయట నిలబడ్డవాళ్ళు మాత్రం ఏటా వినే మాటే విన్నారు. ఇంతలో చినుకులు పడ్డాయి. రేపు తీద్దాంలే అని చాలామంది ఇళ్ళకి పోయారు. వాన చినుక్కి బండి ఆపుతాడా మా డ్రైవరు? వదిన వేసిందిగా అనుకుని, ఆవిడ ఇంట్లోకి వెళ్ళగానే తన తోటంతా ఎరువు వేసుకున్నాడు. ఒక్కో మొదలు చుట్టూ గుండ్రంగా పోసి, ఆవిడ నేర్పినట్టే పైన ఎండాకులు కప్పాడు. ఎంత శ్రద్ధగా కప్పాడంటే, పక్క తోటలోంచి చూసినా ఆవిడకి తెలియలేదు. మర్నాటి నుంచి వాన జోరందుకుంది, మిగతావాళ్ళ గంపలు ఇళ్ళలోనే ఉండిపోయాయి.

కొన్నాళ్ళకి ఆవిడ చెట్లకి ఆకుల అంచులు మాడటం మొదలైంది. మొవ్వాకు చుట్టచుట్టుకుని అలాగే నిలబడిపోయింది, విచ్చుకోలేదు. ఆవిడ ఒక చెట్టు మొదలు దగ్గర మట్టి తీసి చూసింది. తెల్లగా ఉండాల్సిన వేరు కొసలు ఉడికినట్టు గోధుమరంగులో ఉన్నాయి. ఇంటికొచ్చి చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఆ మట్టి కాళ్ళతో దుప్పటి మీదా? ఉతికేది ఎవరనుకున్నారు?" అని అరిచాను.

"నా చెట్లు పోయాయే" అంది గోడకేసే తిరిగి. "పోనీలే, నావేగా. ఎవరూ వేసుకోలేదు, అదృష్టం."

ఎందుకు పోయాయని అడిగాను. వాన అంది. నేను నమ్మాను. ఆవిడ మాట నేను నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు, ఎరువు సంగతిలో.

ఆ సాయంత్రమే వెనక గుమ్మం దగ్గర డ్రైవరు మావయ్య గొంతు వినిపించింది. "వదినా, ఒక్కసారి వచ్చి చూస్తావా? నా చెట్లకి ఏదో అయింది. మొవ్వు రావడం లేదు."

ఆవిడ లేచి కూర్చుంది. "ఏం వేశావ్?"

"ఏం వేస్తాను? నువ్వు వేసిందే."

"ఎప్పుడు?"

"నువ్వు వేసిన రోజే."

"ఆగమన్నాను కదయ్యా!"

"ఏటా అంటావు కదా వదినా!"

ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన తోటలోకి పరిగెత్తింది. వెనకాల నేను. ఆవిడ మొదటి చెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, ఎండాకులు లాగేసి, రెండు చేతులతో ఎరువు బయటికి లాగడం మొదలుపెట్టింది. కుప్పలో చల్లబడ్డది ఎండాకుల కింద మళ్ళీ వేడెక్కి ఉంది. నేను కొంగు దోపుకుని రెండో చెట్టు దగ్గర కూర్చున్నాను. నాకు కంపు తగిలింది. ముక్కు మూసుకోవాల్సినంత ఘాటు, మా బట్టలకి వాడే రంగు మందు మూత తీసినట్టు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆవిడ ఆ ఎరువు మీద మొహం పెట్టినంత దగ్గరగా వంగి కూడా మొహం తిప్పుకోలేదు. అప్పుడు నాకు తెలిసింది. వంట సంగతి, ఆ రోజు కుప్ప దగ్గర అంతసేపు కళ్ళు మూసుకోవడం, అన్నీ ఒక్కసారి నా బుర్రలోకి వచ్చి పడ్డాయి. తవ్వుతూనే ఉండిపోయాను.

"ఏం తెగులిది వదినా? ఏ మందు కొట్టమంటావ్?" అని అడుగుతున్నాడు మావయ్య, పైన నిలబడి.

వాన, వేరు కుళ్ళు అని ఒక్క మాట అంటే చాలు. ఆయన నమ్మేవాడు. వీధి నమ్మేది. ముక్కత్త ముక్కత్తగానే ఉండిపోయేది. నేనైతే అనేదాన్నేమో, నా సంగతి నాకు తెలుసు. ఆవిడ చేతులు ఆగాయి.

"తెగులు కాదు. ఎరువు పచ్చిది" అంది.

"నువ్వు చూశావ్ కదా?"

"నాకు వాసన తెలీడం లేదయ్యా. జ్వరం వచ్చినప్పట్నుంచి."

"అందరి ముందూ ముక్కు దగ్గర పెట్టుకున్నావ్."

"పెట్టుకున్నాను."

"మరి?"

"ఊరికే. గాలి పీల్చాను, అంతే."

ఆయన చేతిలో పార ఉంది. దాన్ని నేలకేసి కొట్టాడు. "చెప్పొచ్చు కదా! ఒక్క మాట చెప్తే మేం చూసేవాళ్ళం కదా! వీధిలో ఇంతమందిమి ఉన్నాం, మాకెవ్వరికీ ముక్కుల్లేవా?"

ఆవిడ తల ఎత్తి ఆయన్ని చూసింది. చేతులు మోచేతుల దాకా ఎరువు. "మీరే చూసుకుంటే ఇంక నేనెందుకయ్యా?" అంది.

గట్టిగా అనలేదు. మామూలుగా అంది. ఆ మాట విన్నాక నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ కుప్ప పక్కన ఏం పట్టుకుని నిలబడిందో నాకు అప్పుడు తెలిసింది. మావయ్య పార అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. మేమిద్దరం చీకటి పడేదాకా ఎరువు లాగి వరసల మధ్యన పోశాం. మర్నాడు మా ఆయన కూడా షెడ్డు మానేసి వచ్చాడు. మొదళ్ళకి నీళ్ళు పట్టి పట్టి వేడి దింపాం.

చెట్లు చావలేదు. కొత్త వేళ్ళు వేశాయి, ఆలస్యంగా మొవ్వు విచ్చుకుంది. కానీ తినాల్సిన కాలం దాటిపోయింది కదా, లోపల గెల ఆ ఆకలి మీదే కట్టేసుకుంది. మిగతా ఇళ్ళవాళ్ళు నష్టం తప్పించుకున్నారు అనడానికి లేదు. వాళ్ళు మాగాక వేశారు, అప్పటికే ఆలస్యమైంది. వాళ్ళ గెలలూ అంతంత మాత్రమే. అయినా, వాసన సంగతి వీధంతా తెలిశాక కూడా, ఆవిడ మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది.

డ్రైవరు మావయ్య మాత్రం మాట మానేశాడు. ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు. గెలలు కొట్టిన రోజు మా వెనక గుమ్మం ముందు నుంచే మోసుకెళ్ళాడు. ఒక్క చేత్తో పట్టుకోగలిగినంత గెలలు. అంత శ్రద్ధగా చూసుకున్నందుకు, పాపం. నేను గుమ్మంలోనే ఉన్నాను, నన్నూ పలకరించలేదు.

అత్తగారు కుప్ప దగ్గరికి పోవడం మానేసింది. కుప్ప పేర్చడం వీధిలోవాళ్ళు వంతులేసుకున్నారు. ఈసారి ముందే మొదలుపెట్టారు, పోయినేడు దెబ్బ తిన్నారు కదా. ఆవిడ నా మిషను గదిలో ఓ మూల పీట వేసుకుని కూర్చునేది. అయస్కాంతం ముక్క పట్టుకుని నేల మీద పడ్డ గుండుసూదులు ఏరేది. ఏరడం అయిపోతే, నేను చూడకుండా కొన్ని మళ్ళీ కింద పడేసి ఏరేది. నేను చూశాను. ఏమీ అనలేకపోయాను. నాలాంటి నోరుగలది కూడా ఏమీ అనలేకపోయిందంటే చూసుకోండి.

మళ్ళీ మొక్కలు మోకాలెత్తు దాటాయి. ఆ ఏడు పిలకలు, ముఖ్యంగా మావయ్య తోటలోవి, నల్లగా నిగనిగలాడుతూ లేచాయి. మేం వరసల మధ్యన పోసిన పచ్చి ఎరువు అక్కడే ఉండి మాగి మట్టైపోయింది. తల్లి చెట్టుకి అందనిది పిల్లకి అందింది. ఆయన ఆ పిలకల దగ్గర నిలబడి చాలాసేపు చూడటం నేను గోడ మీంచి చూశాను.

కుప్ప తెరిచే రోజు వచ్చింది. పొద్దున్నుంచి కాలువ గట్టు మీద ఒకటే గోల. ఒకడు గుప్పెడు తీసి మట్టి వాసనంటాడు. ఇంకొకడు అదే గుప్పెడు చూసి కంపంటాడు. ఒకావిడ అయిపోయిందంటుంది, ఆవిడ మొగుడు కాలేదంటాడు, వాళ్ళిద్దరికీ అక్కడే ఇంటి గొడవ మొదలైంది. నేను మిషను తొక్కుతూ వింటున్నాను. అత్తగారు సూదులు ఏరుతోంది. ఆవిడ చెయ్యి మాత్రం చాలాసేపటి నుంచి ఒకే చోట ఆగిపోయి ఉంది.

వెనక గుమ్మంలో నీడ పడింది. డ్రైవరు మావయ్య. గుప్పిట్లో ఎరువు, వేళ్ళ సందుల్లోంచి నేల మీద రాలుతోంది. నిన్ననే అలికినట్టు తుడిచాను ఆ గుమ్మం. అయినా నోరు మూసుకున్నాను.

"వదినా" అన్నాడు. ఏడాదికి దగ్గరపడుతోంది ఆ పిలుపు విని.

ఆవిడ లేవలేదు.

"మాకు ముక్కులున్నాయి. వాసనా వస్తోంది. అదేం చెప్తోందో తెలిసి చావడం లేదు. రా."

"నేనొచ్చి ఏం చేస్తాను?"

"అడుగు. మేం చెప్తాం. నువ్వు తేల్చు."

"నా మాట మీద మళ్ళీ వేస్తావా?" అంది ఆవిడ.

ఆయన గుప్పిట్లో మిగిలిన ఎరువుకేసి చూసుకున్నాడు. నాకు ఓపిక నశించింది. "ఏంటండీ ఇది, ఇద్దరూ! అక్కడ వీధంతా కొట్టుకు చస్తోంది. లేవండత్తయ్యా, లేస్తారా, ఆ పీటతో సహా మోసుకుపొమ్మంటారా?" అని అరిచాను. ఆవిడ లేచింది.

కుప్ప దగ్గర గోల ఆగింది. ఆవిడ కుప్పలో చెయ్యి పెట్టలేదు. మావయ్యకేసి చూసి, "నువ్వు పెట్టు. మోచేతి దాకా" అంది. ఆయన పెట్టాడు. "వెచ్చగా ఉందా?" "కొంచెం." "వాసన చూడు. కళ్ళు మండుతున్నాయా?" "కళ్ళు మండటం లేదు. గొంతులో గుచ్చుతోంది." "తడి గుడ్డ మూలన పడేస్తే వచ్చే వాసనా, వాన పడ్డ నేల వాసనా?"

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "పైన నేల వాసనే వదినా. దాని వెనకాల, బస్టాండు గోడ చాటున వస్తుందే, ఆ వాసన. కొంచెంగా."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వకుండా ఇంకో ఇద్దరిని పిలిచింది. ఇంకో చోట పెట్టించింది, ఇంకా లోతుగా పెట్టించింది. అందరి దగ్గరా విడివిడిగా విని, కాసేపు నేలకేసి చూసింది. తను తెలుసుకోలేని వాసనని వాళ్ళ మాటల్లోంచి పట్టుకోవాలి ఆవిడ. తప్పితే ఇంకో ఏడు పోతుంది, ఈసారి వీధి మొత్తానికి. నేను వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"ఇంకా కాలేదు" అంది. "ఒకసారి తిరగేయండి. ఆగండి."

ఎవరూ కదల్లేదు. వెనకనుంచి ఎవరో మొక్కలు పెరిగిపోతున్నాయని గొణిగారు. డ్రైవరు మావయ్య తన గంప నేల మీద బోర్లించి, దాని మీద కూర్చున్నాడు.

"ఆగుతాం వదినా" అన్నాడు.

ఒక్కొక్కళ్ళూ గంపలు బోర్లించారు. మా అత్తగారు నా భుజం పట్టుకుని, అందరి ముందూ, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆవిడ ఏడవడం అంతకుముందెప్పుడూ నేను చూడలేదు. నేనూ ఏడ్చాను, ఆ ఎరువు కంపులోనే నిలబడి.